గోపీ చిన్నాయన పరుగు

మా వీధిలో అందరూ అరిచే మాట్లాడతారు. కోపంతో కాదు. ప్రతి ఇంట్లోనూ మరమగ్గాలు ఆడుతుంటాయి. మా ఇంటి ముందు కొట్టంలో కూడా నాలుగు మగ్గాలు ఉన్నాయి. అవి ఆడుతున్నప్పుడు అన్నానికి పిలవాలన్నా అరవాలి, సబ్బు ఎక్కడుందో అడగాలన్నా అరవాలి. మా నాయన రంగనాథం అరవడం ఇష్టంలేక చేతులతోనే మాట్లాడతాడు. నాకు అరవడం రాదు. అందుకే ఇంట్లో నేను చెప్పేది ఎవరికీ వినపడదు, ఒక్క గోపీ చిన్నాయనకు తప్ప. నేను ఏదో చెప్పబోతున్నానని తెలిస్తే చాలు, ఆయన వంగి చెవి నా నోటి దగ్గర పెడతాడు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. శ్రీ సిటీలో ఒక కంపెనీలో మిషను మీద పని చేస్తాడు. పొద్దున్నే కంపెనీ బస్సు మా ఊరి రోడ్డు దగ్గర ఆగి ఆయనను ఎక్కించుకుని పోతుంది, సాయంత్రం తెచ్చి దింపుతుంది. అంతకుముందు పోలీసు ఉద్యోగం కోసం రెండేళ్ళు తయారయ్యాడు. పరుగులో అందరికంటే ముందు వచ్చాడు కానీ రాత పరీక్ష పోయింది. "నా తెలివంతా మోకాళ్ళ కింద ఉండాది పాపా, వాళ్ళు పైన వెతికినారు" అంటాడు.

నాకు ఫిట్స్ వస్తాయి. ఈ మాట ఇంత సులువుగా రాస్తున్నాను కానీ, ఈ సంవత్సరం వరకు మా ఇంటి బయట ఎవరికీ తెలియదు. ఏడో తరగతి సెలవుల్లో, అవ్వ పక్కన కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఉండగా మొదటిసారి వచ్చింది. నాకేమీ గుర్తు లేదు. కళ్ళు తెరిచేసరికి చిన్నాయన ఒడిలో తల, చేతిలో ఇంటి తాళాల గుత్తి, ముక్కు దగ్గర కోసిన ఉల్లిగడ్డ. చిన్నాయనే నన్ను తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ పరీక్షలు చేసి మాత్రలు రాసింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అవి వేసుకున్నప్పటి నుంచి చాలా తగ్గింది. మాత్రలు మరిచిపోయినప్పుడు మాత్రం మళ్ళీ వచ్చింది.

మా అవ్వ కుప్పమ్మ వీధిలో అందరికీ "ఎండకు కళ్ళు తిరిగినాయి" అని చెప్పింది. దాన్నే ఇప్పటిదాకా నిలబెట్టుకుంటూ వచ్చింది. తప్పంతా అవ్వదే అనలేను. నాకూ అదే కావాలి. మా బడిలో నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, పై తరగతి అమ్మాయికి ప్రార్థనలో నిలబడి ఉండగా ఫిట్స్ వచ్చింది. మరునాటి నుంచి మధ్యాహ్న భోజనం దగ్గర ఆ అమ్మాయి కంచం పట్టుకుని దూరంగా కూర్చునేది. పొమ్మని ఎవరూ అనలేదు. తనే పోయి కూర్చునేది. కొన్నాళ్ళకు బడికి రావడమే మానేసింది. నాకు ఫిట్స్ కంటే ఆ కంచం అంటేనే భయం.

ఈసారి సంక్రాంతి సెలవులు అయ్యాక చూపించుకోవడానికి తిరుపతి వెళ్ళినప్పుడు, డాక్టరమ్మ మాకు ఒక కాగితం ఇచ్చింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం తిరుపతిలో మారథాన్ పెడుతున్నారట. పరిగెత్తేవాళ్ళు తమకు తెలిసినవాళ్ళ దగ్గర డబ్బు పోగుచేసి ఇవ్వాలి. ఆ డబ్బుతో డాక్టర్లు పల్లెల్లో బడులకు పోయి, ఫిట్స్ అంటే ఏమిటో, వస్తే ఏం చేయాలో పిల్లలకూ పంతుళ్ళకూ చెబుతారు.

"నేను పరిగెత్తతా మేడమ్" అన్నాడు చిన్నాయన.

"ఐదు కిలోమీటర్లది ఉంది, పదిది ఉంది. మీరు ఏది..."

"పెద్దది."

"పెద్దదంటే నలభై రెండు కిలోమీటర్లు బాబూ."

"అదే మేడమ్."

బస్సులో తిరిగి వస్తూ నేను ఆయన చెవిలో అడిగాను. "ఎందుకు చిన్నాయనా అంత దూరం?"

"ఐదు కిలోమీటర్లకి డబ్బులు ఎవురిస్తారు పాపా? మనోళ్ళు టీ తాగేదానికి అంత దూరం పోతారు. సూసేవాళ్ళకి అయ్యో పాపం అనిపించాల."

"నా పేరు చెప్తావా?"

"నువ్వు చెప్పమన్నప్పుడు చెప్తా. అంతవరకూ నోరు మూసుకుని పరిగెత్తతా" అన్నాడు.

మరునాటి నుంచి సాయంత్రం కంపెనీ బస్సు దిగగానే, టిఫిను డబ్బా గడప మీద పెట్టి, నిక్కరు వేసుకుని, మా వీధి చివరి నుంచి మెయిన్ రోడ్డు మీదుగా పరిగెత్తడం మొదలుపెట్టాడు. వీధి మొత్తానికి వేడుకైంది.

"ఎవురు తరుముతా ఉండారు గోపీ?"

"అప్పులోళ్ళు కాదు కదప్పా?"

"ఓ గోపీ, మా ఆవు పొద్దున్నించి కనపడలే, అట్లనే పట్టుకొస్తావా?"

అన్నింటికీ చెయ్యి ఊపుతూ పోయేవాడు. ఎదురింటి భారతమ్మ పెద్దమ్మ మాత్రం వదల్లేదు. తువ్వాళ్ళు మడతపెడుతూ అవ్వను పట్టుకుంది. "ఏందత్తా, మీ వాడికేమైంది? వయసొచ్చినోడు నిక్కర్లో పరిగెత్తతా ఉండాడు."

అవ్వకు వెంటనే తోచింది చెప్పింది. "మొక్కు."

"కొండకా?"

"ఊఁ. తిరపతిలో పరిగెత్తాలంట."

"మొక్కయితే నడిచి కదా పోయేది? పరిగెత్తేదేంది?"

"ఈ కాలం మొక్కులమ్మా. వాళ్ళకి అన్నీ బిరీన అయిపోవాల."

భారతమ్మ పెద్దమ్మ నమ్మింది. కానీ ఏ కారణం లేకుండా ఎవరూ మొక్కరు కదా. ఆ కారణం ఏమిటా అని ఆలోచిస్తూనే ఉంది.

అది మూడు రోజులకే తెలిసిపోయింది. అదీ మా అవ్వ నోటి నుంచే.

ఆ సాయంత్రం నేను కొట్టంలో కండెలు అందిస్తున్నాను. నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి. చిన్నాయన పరుగు ముగించి వచ్చి, కంపెనీలో స్నేహితులు డబ్బులిచ్చారని, వాళ్ళకు డాక్టరమ్మ ఇచ్చిన కాగితం చూపించానని అరిచి చెప్పాడు. అవ్వ ముఖం మారిపోయింది.

"దాంట్లో పాప పేరుండాదా?" అని అరిచింది.

"లేదమ్మా!"

"ఎవురికోసమని వాళ్ళు అడగరా?"

"అడిగితే ఏదో ఒకటి చెప్తాలే!"

"నువ్వు చెప్తావు! నువ్వు నవ్వితేనే తెలిసిపోతుంది! పాప సంగతి నీ వల్ల బయటపడిందంటే నేను ఊరుకోను! మన ఇంట్లో..."

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

మరమగ్గాల ఊళ్ళో కరెంటు పోవడం ఎలా ఉంటుందో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. వందల మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోతాయి. చెవుల్లో దూది పెట్టినట్టు ఉంటుంది. అలవాటైన వాళ్ళం వెంటనే గొంతు తగ్గిస్తాం. అవ్వ తగ్గించలేకపోయింది. ఆమె అప్పటికే ఊపిరి పీల్చుకుని ఉంది. ఆ నిశ్శబ్దంలో, కొట్టం తలుపులు రెండూ బార్లా తెరిచి ఉండగా, వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేలా అరిచింది:

"ఫిట్సని వీధిలో తెలిసిందంటే ఇంక నీ బతుకు అంతే గోపీ!"

ఎదురుగా అరుగు మీద భారతమ్మ పెద్దమ్మ చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగిపోయింది. ఎవరి ఇంట్లోనో గరిటె కింద పడింది. నాయన కళ్ళు మూసుకున్నాడు. చిన్నాయన ఒక్కడే, నవ్వు ఆపుకోలేక నూలు బస్తాల వెనక్కి పోయి కూర్చున్నాడు.

మరునాడు ఉదయమే భారతమ్మ పెద్దమ్మ మా గడప ఎక్కింది. చేతిలో పసుపు గుడ్డ ముడి.

"నా తరపున కూడా ఒక ముడుపు కట్టినానత్తా. మన గోపీకి నయం కావాలని. చిన్నప్పటి నుంచి నా చేతులమీద పెరిగినోడు. మీరు మాత్రం ఎన్నాళ్ళని కడుపులో పెట్టుకుంటారు?"

అవ్వ నోరు తెరిచింది. నా వైపు చూసింది. మళ్ళీ మూసుకుంది. తరువాత నెమ్మదిగా, "నీ చల్లని నోటితో అట్లే కానీ భారతీ" అని ముడుపు తీసుకుని దేవుడి గూట్లో పెట్టింది. మధ్యాహ్నానికి ఆ గూట్లో ఇంకొన్ని చేరాయి. మా ఊరిలో అంతే. కొండకు మొక్కుకున్నవాడు ఎవరైనా ఉంటే, అతని కష్టం తీరాలని తలా ఒక రూపాయి పసుపు గుడ్డలో కట్టి ఇస్తారు.

సాయంత్రం చిన్నాయన పరుగుకు బయలుదేరాడు. నేను గడపలోంచి చూశాను. ఈసారి ఎవరూ వేళాకోళం చేయలేదు. ఆడవాళ్ళంతా అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో తాళాల గుత్తి. కొందరి కొంగులో ఉల్లిగడ్డ. కాస్త కాస్త దూరంలో, పడితే పట్టుకుందామని. వీధి చివర తిరుమలమ్మ అవ్వ ఏకంగా బీరువా తాళం, గొడ్డలి రెండూ పెట్టుకుని కూర్చుంది.

"గొడ్డలెందుకవ్వా?" అని చిన్నాయన పరిగెత్తుతూనే అడిగాడు.

"ఇనుము కదా నాయనా. ఎంత పెద్దదైతే అంత మంచిది. నువ్వు పరిగెత్తు."

ఇంటికి వచ్చాక చిన్నాయన నీళ్ళ తొట్టి దగ్గర పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దగ్గరికి పోతే, వంగి చెవి పెట్టాడు.

"అందరూ నీకనుకుంటా ఉండారు."

"అనుకోనీలే పాపా. నాకేం పోతుంది? మజ్జిగ కూడా ఇస్తా ఉండారు."

నిజమే. భారతమ్మ పెద్దమ్మ తను తాగే లోటాతోనే ఆయనకు మజ్జిగ ఇచ్చింది. ఎవరూ దూరం జరగలేదు. నేను అనుకున్న కంచం ఎక్కడా కనపడలేదు. కానీ ఆయన అందరికీ కావలసినవాడు, అందరినీ నవ్విస్తాడు. మాట్లాడటమే రాని నన్ను అలా చూస్తారా? ఆ రాత్రంతా నేను దాని గురించే ఆలోచించాను. గమ్మునుంటే చాలు, ఇది ఇలాగే గడిచిపోతుంది అని కూడా అనుకున్నాను.

గడిచిపోలేదు. చిన్నాయన కంపెనీలో ఆయనకు పైన ప్రతాప్ అనే సూపర్‌వైజరు ఉన్నాడు. పక్క ఊరివాడే, అదే బస్సులో పోతాడు. మా వీధి మాట ఆయన చెవిన పడింది. మిషను మీద పనిచేసే మనిషికి ఫిట్స్ వస్తే చెయ్యి పోతుంది, ప్రాణమే పోవచ్చు. ఆయన భయపడి పైవాళ్ళకు చెప్పాడు. చిన్నాయనను మిషను మీద నుంచి తీసి అట్టపెట్టెలు అతికించే పనిలో వేశారు.

ఆయన మాకు చెప్పలేదు. వేళ్ళకు అంటుకున్న జిగురు చూసి అమ్మ కనిపెట్టి అడిగితే బయటపడింది.

"ఆడ బాగుండాది వదినా. కూర్చోని చేసే పని. ఫ్యాను కూడా ఉండాది."

"జీతం?"

"రొంత తగ్గుతుంది."

"నాకు లేదు అని ఒక్క మాట చెప్పేది కదా!"

"చెప్తే, మరి ఎవురికి అంటారు వదినా. మన ఇంట్లో ఉండేది అయిదు మందే." ఆ మాట అంటూ ఆయన నా వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు. నాకు అదే ఎక్కువ బాధేసింది.

అప్పుడు నాయన ఒక పని చేశాడు. ఆయన కొట్టంలోకి పోయి నాలుగు మగ్గాలూ ఆపేశాడు. కరెంటు ఉండగా పని వేళలో మా మగ్గాలు ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు. చేతులు తుడుచుకుని వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"సోమవారం నుంచి ఆ మిషను మీద ఇంకొకన్ని పెడతారంట కదా గోపీ. పెట్టినాక మళ్ళా నీకివ్వరు. రేపు పోయి నిజం చెప్పు."

"నిజమంటే పాప పేరు చెప్పడమే కదరా" అంది అవ్వ.

"నేను చెప్పను. పాపకి మాటిచ్చినా" అన్నాడు చిన్నాయన.

నాయన నా వైపు చూశాడు. చెప్పు అనలేదు, వద్దు అనలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి నేను మెల్లగా అన్నా వినపడేది. అయినా లేచి లోపలికి పోయాను. నా వెనక చిన్నాయన, "దాన్నెందుకన్నా అట్ల సూస్తావు, బిడ్డ బెదిరిపోతుంది" అనడం వినపడింది.

మరునాడు నేను ఆయన కంటే ముందు లేచాను. ఆయన స్నానానికి పోగానే చెప్పులు వేసుకుని రోడ్డు దగ్గరికి వెళ్ళాను. బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. బస్సు నిండా మనుషులు, సగం మంది నిద్రలో. ముందు సీటులో మెడలో కార్డు వేసుకుని కూర్చున్నాయన ప్రతాప్ అని చిన్నాయన ఎప్పుడో చూపించాడు.

"ఏంది పాపా? గోపీ రాలేదా?" అన్నాడు డ్రైవరు.

నేను మెట్టు ఎక్కాను. "ప్రతాపన్నా" అన్నాను. ఇంజను చప్పుడులో ఆయనకు వినపడలేదు. మళ్ళీ అన్నాను. వినపడలేదు. అప్పుడు మా అవ్వ అరిచినట్టే అరిచాను.

"ప్రతాపన్నా! మా చిన్నాయనకి ఏమీ లేదు! ఫిట్స్ నాకు!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"ఎవురమ్మా నువ్వు?" అన్నారెవరో వెనక నుంచి.

"నందిత. రంగనాథం కూతుర్ని. మూడేండ్లుగా నాకే ఉండాది. మాత్రలు వేసుకుంటా ఉండా. చిన్నాయన నా కోసం పరిగెత్తతా ఉండాడు. ఆయన చెప్పడు. మిషను ఆయనకే ఇవ్వండి." ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను. ఏడుపు వచ్చేసింది.

ప్రతాప్ సీటులోంచి లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియక తన నీళ్ళ బాటిలు నాకిచ్చాడు. "ఏడవబాకమ్మా. మా అక్క కొడుక్కి కూడా ఉండాది. నాకు తెలుసు అదెట్లుంటుందో. అందుకే భయపడి చెప్పినా గానీ, గోపీ మీద కోపంతో కాదు. ఈ రోజే మా సారుతో మాట్లాడతా."

అప్పటికి చిన్నాయన చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, డబ్బా పట్టుకుని పరిగెత్తి వచ్చాడు. మెట్టు మీద నన్ను, బస్సులో అందరి ముఖాలను చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది. నా తల మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కాడు.

"ఎక్కబ్బా, టైమవతా ఉండాది" అన్నాడు డ్రైవరు.

బస్సు పోయింది. వెనక్కి తిరిగితే పాల క్యానుతో భారతమ్మ పెద్దమ్మ నిలబడి ఉంది. నేను ఇంటికి చేరేలోపల వార్త నాకంటే ముందు చేరింది.

అవ్వ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. కండెలు చుడుతూ గోడ వైపు తిరిగి కూర్చుంది. కోపమేమో అనుకున్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకోవడం చూసి దగ్గరికి పోతే, "నేను దాచింది నీ మంచికే కదే అమ్మణ్ణీ" అంది. నేను ఆమె ఒడిలో తల పెట్టుకున్నాను.

సాయంత్రం భారతమ్మ పెద్దమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ వచ్చారు. తాళాలన్నీ తెచ్చి నా ముందు పెట్టారు.

"గోపీకి కాదంట కదా. నువ్వే పెట్టుకో ఇవి."

నేను తలదించుకునే, డాక్టరమ్మ చెప్పింది వాళ్ళకు చెప్పాను. తాళాలు వద్దు, ఉల్లిగడ్డ వద్దు. నోట్లో ఏదీ పెట్టకూడదు. చేతులూ కాళ్ళూ అదిమి పట్టకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తనిది ఏదైనా పెట్టి, తగ్గేదాకా దగ్గర కూర్చుంటే చాలు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

"ఊరికే కూర్చోవాలంటావా?" భారతమ్మ పెద్దమ్మకు నచ్చలేదు. "మరి మా పెద్దోళ్ళు తాళాలెందుకు పెట్టినారే?"

"నీ మాదిరి ఊరికే కూర్చోలేనోళ్ళ కోసం" అంది అవ్వ, ఆ రోజు మొదటిసారి నవ్వుతూ.

"అది సరే, నా ముడుపు సంగతేంది? గోపీకని కట్టింది నందితకి చెల్లుతుందా?"

"ఒకే ఇల్లు కదక్కా" అంది ఇంకో ఆవిడ. "వాకిలి తెలిసినాక ఏ గదో స్వామి చూసుకుంటాడు."

ముడుపులు కొండకే పోవాలని తేల్చారు. పరుగుకు వేరేగా ఇస్తామన్నారు. ఆ వారం చిన్నాయన పరిగెత్తి వచ్చేసరికి రోజూ ఎవరో ఒకరు వచ్చి ఇచ్చి పోయేవాళ్ళు. తిరుమలమ్మ అవ్వ ఇస్తూ, "మా చెల్లెలికి ఉండేదిరా. బావి దగ్గరికి కూడా పంపేవాళ్ళం కాదు. మాకేం తెలుసు" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది.

బడిలో నా స్నేహితురాలు లోహిత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇక అంతే అనుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం కంచం తెచ్చి నా కంచానికి ఠంగుమని తగిలేలా పెట్టి కూర్చుంది.

"మూడేండ్లు నాకు చెప్పకుండా ఎట్లున్నావే? మా అక్క లేచిపోయిన సంగతి కూడా నీకే చెప్పినా కదే నేను!"

శనివారం తిరుపతికి చిన్నాయన, అవ్వ, భారతమ్మ పెద్దమ్మ, నేను వెళ్ళాం. చిన్నాయనను అప్పటికే మళ్ళీ మిషను మీద వేశారు. రాత్రి ఒక సత్రంలో ఉన్నాం. నేను బాగా నిద్రపోవాలని అవ్వ పెందలాడే లైటు ఆర్పించింది. తెల్లవారుజామున చిన్నాయన ఒక్కడే లేచి పోయాడు. మేము ఎండ వచ్చాక విశ్వవిద్యాలయం మైదానానికి వెళ్ళాం. చంద్రగిరి వైపు పోయి తిరిగి రావాలట. ఐదు కిలోమీటర్ల వాళ్ళు వచ్చేశారు, పది వాళ్ళు వచ్చేశారు, పెద్దది పరిగెత్తినవాళ్ళు కూడా చాలామంది వచ్చి అరటిపళ్ళు తింటున్నారు. చిన్నాయన రాలేదు.

"దారి తప్పినాడేమో" అంది భారతమ్మ పెద్దమ్మ.

"పడిపోయినాడేమో" అంది అవ్వ.

నేను రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాను. చాలాసేపటికి ఎండలో దూరంగా కనపడ్డాడు. పరిగెత్తడం లేదు. ఒక కాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. నేను ఎదురు వెళ్ళి ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను. ఇద్దరం అలాగే గీత దాటాం. అక్కడ తెల్లకోటు వేసుకున్న అమ్మాయి పతకం మెడలో వేసి, "ఎవరి కోసం పరిగెత్తారు సార్?" అని అడిగింది. అందరినీ అడుగుతోంది. చిన్నాయన నా వైపు చూశాడు. ఊపిరి ఆడక కాదు. నేను చెప్పమంటేనే చెప్తానన్నాడు కదా, ఇంకా నా కోసం ఆగుతున్నాడు.

"చెప్పు చిన్నాయనా" అన్నాను.

"ఈ పాప కోసం" అన్నాడు. "మా అన్న కూతురు. నందిత." అని రోడ్డు మీదే కూలబడ్డాడు.

కొండ ఎక్కే ఓపిక ఆయనకు లేదు. ముడుపులు తీసుకుని అవ్వ, భారతమ్మ పెద్దమ్మ కొండకు బస్సెక్కారు. మేమిద్దరం పుత్తూరు మీదుగా మా ఊరికి పోయే బస్సెక్కాం. రేణిగుంట దాటకముందే చిన్నాయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆయన బూట్లు నేనే విప్పాను. బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. మెడలో పతకం అలాగే వేలాడుతోంది.

పక్కన కూర్చున్న ఆవిడ చాలాసేపు మమ్మల్నే చూసి, చివరికి ఉండబట్టలేక అడిగింది. "ఏమైందమ్మా ఆయప్పకి?"

"పరిగెత్తినాడు" అన్నాను.

"ఎంత దూరం?"

"నలభై రెండు కిలోమీటర్లు."

"నా తల్లే! ఎందుకు?"

ఇదివరకైతే నేను కిటికీ వైపు తిరిగేదాన్ని. ఆవిడ ఎవరో నాకు తెలియదు, మళ్ళీ కనపడదు కూడా. అయినా చిన్నాయనకు నిద్ర చెడకుండా మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను. బస్సు చప్పుడుకు వినపడక ఆవిడే వంగి చెవి దగ్గరికి తెచ్చింది. పుత్తూరు వచ్చినా చెప్తూనే ఉన్నాను.